తొమ్మిదో స్టెప్పు నా కల్పనే

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు నా దగ్గరికి వచ్చి, మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పండి సార్ అంటే నేను ముందు కుర్చీ సర్దుకుంటాను, తర్వాత అబద్ధం చెబుతాను. ఇరవై ఆరేళ్లు అదే పని చేశాను. మధ్యమధ్య ప్రోగ్రాములు కూడా రాశాను. నా అబద్ధాల్లో చాలావరకు టీ గ్లాసు కడిగేలోపే ఆవిరైపోయాయి. ఒక్కటి మాత్రం మూడు సంతకాలు పెట్టించుకుని, ముద్ర వేయించుకుని, ఏటేటా ఆడిట్ పాసవుతూ నాకంటే గౌరవంగా బతికింది. ఇది దాని కథ. ఇందులోనూ అక్కడక్కడా కాస్త పెంచి చెబుతాను, అలవాటు పోదు. అసలు సంగతిని మాత్రం పెంచాల్సిన అవసరం రాలేదు.

మా ఫ్యాక్టరీ బెంగళూరు శివార్లలో, జిగణిలో ఉండేది. పొడులు తూచి పొట్లాల్లో నింపే యంత్రాలు చేసేవాళ్లం. సాంబారు పొడి, రాగి మాల్ట్, పసుపు, పొడి అయితే చాలు. ఇనుము పని షాపులోవాళ్లది. ఎంత తూచాలో, ఎక్కడ ఆపాలో యంత్రానికి చెప్పే ప్రోగ్రాము నాది. పెళ్లికాని రోజుల్లో రాశాను. దాన్ని రాసిన డెవలప్‌మెంట్ సాఫ్ట్‌వేరు అప్పట్లో కొత్త పెళ్లికొడుకులా మెరిసేది. కొన్నేళ్లకి తయారుచేసినవాళ్లే దాన్ని వదిలేశారు. మేం వదల్లేదు. ప్రోగ్రాములో ఒక్క అంకె మార్చాలన్నా అదే కావాలి. అది ఉన్నది మాత్రం నా బల్ల కింద ఉన్న ఒకే ఒక్క పాత కంప్యూటర్లో. ఆ కంప్యూటరు ఫ్యాను మోత విని ఎవరో పెద్దమనిషి హెలికాప్టర్లో దిగుతున్నాడనుకుని సెక్యూరిటీ గార్డు గేటు తెరిచిన సందర్భం ఉంది. నమ్మకపోతే మీ ఇష్టం.

చాలా ఏళ్ల కిందట ఓసారి ఆ కంప్యూటర్లో డిస్కు పాడైంది. అన్నీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. ఆ రోజుల్లోనే ఆ సాఫ్ట్‌వేరు పాతబడింది, ఆపరేటింగ్ సిస్టమ్ దానికంటే కొత్తది, రెండింటికీ పడేది కాదు. నాకు తెలిసిన ఒక కిటుకుతో అరగంట పని. కానీ అప్పటి మా మేనేజరు వచ్చి ఎంతసేపు పడుతుందని అడిగాడు. ఆయన అడిగే పద్ధతిలోనే ఒక లోపం ఉండేది. నోట్‌బుక్కు తెరిచి, పెన్ను మూత తీసి, ఆ తర్వాత అడిగేవాడు. ఎదురుగా పెన్ను పట్టుకుని నిలబడ్డ మనిషికి నిజం చెప్పడం నావల్ల కాదు. రోజంతా పడుతుందన్నాను. ఎందుకన్నాడు.

"ఇది పాత సాఫ్ట్‌వేరు సార్. ఇవాళ్టి తేదీ చూస్తే బెదిరిపోతుంది. కంప్యూటర్లో క్యాలెండరు వెనక్కి తిప్పి, అది పుట్టిన సంవత్సరంలో పెట్టి, అప్పుడు నెమ్మదిగా ఎక్కించాలి."

ఆయన రాసుకున్నాడు. నాకు ఉత్సాహం వచ్చింది. చివర్లో తెరమీద గీత నిండేటప్పుడు గదిలో మనుషులు ఉండకూడదనీ, సరిగ్గా పన్నెండు నిమిషాలు బయట ఉండి రావాలనీ చెప్పాను. దాన్నీ రాసుకున్నాడు. పన్నెండే ఎందుకంటే, గేటు దాటి టీ కొట్టుకి వెళ్లడానికి నాలుగు, తాగడానికి నాలుగు, రావడానికి నాలుగు. ఇందులో రవ్వంత నిజం కూడా ఉందని నా తరఫున చెప్పుకోవాలి. ఆ గీత చివర్లో చాలాసేపు కదలదు. చూస్తూ కూర్చున్నవాడు ఓపిక చచ్చి రద్దు బటను నొక్కుతాడు, అంతా మొదటికొస్తుంది.

రెండు వారాలకి ఆ నోట్‌బుక్కులోంచి ఇరవై ఒక్క స్టెప్పుల డాక్యుమెంటు పుట్టింది. తొమ్మిదో స్టెప్పు క్యాలెండరు, పదిహేడో స్టెప్పు గది ఖాళీ చేయడం. చివరి పేజీలో విషయ నిపుణుడు అన్నచోట నా పేరు. సంస్థ జ్ఞానాన్ని కాపాడినందుకు మేనేజరుకి హెడ్డాఫీసులో శాలువా కప్పారు. అక్కడి నుంచి ఆయన వెనక్కి తిరిగి చూడలేదు, మహదేవపురలో హెడ్డాఫీసు అద్దాల మేడ ఎక్కి వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు. నేను జిగణిలోనే ఉండిపోయాను. అసలు కిటుకు మాత్రం ఆ ఇరవై ఒక్కట్లో ఎక్కడా రాయించలేదు. అబద్ధం డాక్యుమెంట్లో ఉంది, నిజం నా జేబులో ఉంది. నన్ను కదిలించడానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది.

అలా హాయిగా గడుస్తుండగా హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. పాత కంప్యూటర్లన్నీ తీసేయాలి, వాటి బదులు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నవి వస్తాయి. వాటిలో ఒక కాపలా ప్రోగ్రాము ఉంటుంది, ఇక్కడ మనం తుమ్మితే మహదేవపురలో తెలుస్తుంది. ఆ ఉత్తర్వులోనే ఇంకో వాక్యం ఉంది. ముఖ్యమైన పనులేవీ ఒక్క మనిషి తలలో ఉండకూడదట. కాబట్టి పాత సాఫ్ట్‌వేరుని కొత్త కంప్యూటర్లో నేను కాకుండా వేరేవాళ్లు, డాక్యుమెంటు చూసి ఎక్కించాలి. ఆ పని కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చారు.

ఆ అమ్మాయిది అనంతపురం వైపు. ఆరు నెలల ప్రొబేషన్‌లో చివరి వారం. శుక్రవారం మధ్యాహ్నం రివ్యూ, ఈ ఇన్‌స్టలేషనే పరీక్ష. వాళ్ల నాన్న సర్జాపుర రోడ్డులో అపార్టుమెంట్లు కట్టే మేస్త్రీ. కుటుంబమంతా సైటు పక్కనే రేకుల షెడ్డులో ఉండేవాళ్లు. మేడ పూర్తయింది, నెలాఖరుకి షెడ్లు తీసేస్తారు. దగ్గర్లో ఇల్లు చూసుకుంటే, మేస్త్రీ ఇవాళ ఈ సైటు, రేపు ఇంకో సైటు, మీ అమ్మాయి ఉద్యోగం ఖాయమైన కాగితం చూపిస్తేనే తాళం చెవి ఇస్తానన్నాడు ఇంటాయన. ఇవన్నీ నాకు గురువారం దాకా తెలియవు. మీకు ముందే చెబుతున్నాను, ఎందుకంటే సోమవారం నేను చేసినదాన్ని మీరు ఈ సంగతి తెలిసి చూడాలి.

సోమవారం నేను ఏమీ చేయలేదు. అదే నేను చేసింది. ఆ అమ్మాయి డాక్యుమెంటు ప్రింటు తీసుకుని, స్టెప్పుల పక్కన పెన్సిలుతో చిన్న చిన్న గళ్లు గీసుకుని నా బల్ల ముందు నిలబడి, ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా సార్ అని అడిగింది. అన్నీ అందులోనే ఉన్నాయి తల్లీ అన్నాను. కిటుకు లేకుండా ఆ సాఫ్ట్‌వేరు ఎక్కదు. మంగళవారం సాయంత్రానికి నా దగ్గరికి వస్తుంది, నేను నిట్టూర్చి, లేచి, అందరూ చూస్తుండగా చేసిపెడతాను, ఇంకో పదేళ్లు నన్ను ఎవరూ కదిలించరు. ఇదీ నా లెక్క.

మొదటి స్టెప్పు స్టోర్సు నుంచి సాఫ్ట్‌వేరు డిస్కు తెచ్చుకోవడం. మా స్టోర్‌కీపరు ఆనేకల్లో నాలుగు తరాలుగా ఉంటున్న తెలుగాయన. ఫ్యాక్టరీలో స్క్రూలకైనా సాఫ్ట్‌వేరుకైనా ఆయనే కాపలా. ఇనప బీరువా తెరిచి, పట్టుగుడ్డ మడత విప్పి, డిస్కుని రెండు చేతులతో ఇచ్చాడు. ఆ అమ్మాయి తిప్పి చూసి, కంగారుగా నన్ను పిలిచింది. వెళ్లి చూశాను. ఏటా ఆయుధపూజకి ఫ్యాక్టరీలో లేతు మిషను నుంచి తూకం రాళ్ల దాకా అన్నిటికీ బొట్టు పెడతారు. ఈయన డిస్కుకీ పెట్టాడు. మెరిసే వైపు. పద్దెనిమిదేళ్ల పసుపు, గంధం, కుంకుమ పొరలు పొరలుగా కట్టి, అది డిస్కులా లేదు, పండుగనాటి గడపలా ఉంది.

"ఇదేం పని అన్నా, చదవాల్సిన వైపు బొట్టు పెడతారా?" అన్నాను.

"నాకు తెలీదా అప్పా? రాసిండేది ఈ పక్కనే కదా, లైసెన్సు నంబరు గూడా ఈ పక్కే ఉండాది. ఈడ బొట్టు పెడితే నంబరు చెరిగిపోదా? అందుకే ఏమీ రాయని పక్క పెట్టినా. పద్దెనిమిదేండ్లుగా ఒక్క అక్షరం చెరగలా, చూస్కో."

చూశాను. నిజమే, ఒక్క అక్షరం చెరగలేదు. ఆయన వాదంలో నాకు తప్పు దొరకలేదు. డిస్కు తయారుచేసినవాళ్లే ఇంకాస్త ఆలోచించి ఉండాల్సింది.

కొత్త కంప్యూటర్లకి డిస్కు పెట్టే నోరే లేదు. ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకి మనిషిని పంపి బయట తగిలించే డ్రైవు తెప్పించాం. ఆ అమ్మాయి కళ్లద్దాల గుడ్డ తడిపి, మధ్యలోంచి అంచు వైపు, రంగు ముగ్గు చెరిపినంత ఓపికగా మంగళవారమంతా తుడిచింది. చివరికి వేలి గోరంత కుంకుమ మచ్చ ఒకటి మాత్రం పోలేదు. మిగతాదంతా అద్దంలా వచ్చింది.

బుధవారం పొద్దున అసలు పని మొదలుపెట్టింది. ఎనిమిదో స్టెప్పు పక్కన గడిలో టిక్కు పెట్టడం నా బల్ల దగ్గర నుంచి కనిపించింది. తర్వాతిది తొమ్మిది. కొత్త కంప్యూటర్లో కాపలా ప్రోగ్రాము ఉందని నాకు తెలుసు. క్యాలెండరు అన్నేళ్లు వెనక్కి తిప్పితే అది ఊరుకోదని అనుమానం కూడా వచ్చింది. నోరు తెరిచాను. తర్వాత, ఏమవుతుందిలే, మహా అయితే నా దగ్గరికి వస్తుంది అనుకుని, టీకి వెళ్లాను. పన్నెండు నిమిషాలు.

తిరిగొచ్చేసరికి కంప్యూటరు తెర ఎర్రగా ఉంది. గడియారం మార్చి సంస్థ భద్రతని దాటే ప్రయత్నం జరిగిందట, యంత్రానికి తాళం పడింది. ఆ అమ్మాయి పేరుమీద మెయిలు అప్పటికే వచ్చేసింది. ఎందుకు చేశారో శుక్రవారం రివ్యూలో భద్రతాధికారి ముందు వివరణ ఇవ్వాలి, అప్పటిదాకా ఏ కంప్యూటరూ ముట్టుకోకూడదు. ఆ అమ్మాయి నావైపు తిరిగింది. ఏడవలేదు. చేతిలో కాగితం చూపించింది, తొమ్మిదో గడి ఇంకా ఖాళీగా ఉంది.

"ఉన్నది ఉన్నట్టే చేసినా సార్. ఒక్క స్టెప్పు గూడా స్కిప్ చేయలేదు. ఎక్కడ మిస్టేక్ చేసినానో మీరు చెప్తారా?"

చూస్తాను అన్నాను. ఆ రోజంతా చూస్తూనే ఉన్నాను, కిటికీలోంచి.

గురువారం భోజనాల వేళ స్టోర్‌కీపరు తన క్యారియరు తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. షెడ్డు సంగతి, ఇంటాయన సంగతి, నెలాఖరు సంగతి ఆయన నోటే విన్నాను. నాకు చెప్పుకోలేదు గానీ, తుడిచేటప్పుడు ఆయనకి చెప్పుకుందట.

"ఆ తేదీ తిప్పేది నిజమా అప్పా?" అన్నాడు ముద్ద కలుపుతూ.

నేను పెరుగన్నంలో కరివేపాకు ఏరుకుంటూ కూర్చున్నాను.

"నువ్వు చెప్పిన కతలన్నీ నాకు తెలుసు. నేను గూడా నవ్వినోణ్ణే. ఇప్పుడు ఆ పాప మొకం చూసి గూడా సుమ్మనే కూర్చోనుండావే, అది నాకు నచ్చలా. డిస్కుకి బొట్టు పెట్టింది నేనే అని ఆ పొద్దే ఒప్పుకుంటిని. నాకేమన్నా తల పోయిందా?"

ఆయన తల పోలేదు, నిజమే. కానీ ఆయన బొట్టు వల్ల ఆయన ఉద్యోగం నిలబడలేదు కదా. నా ఉద్యోగం ఆ తొమ్మిదో స్టెప్పు మీదే నిలబడి ఉంది.

శుక్రవారం మీటింగు గదిలో మా ప్లాంటు పెద్ద, హెచ్చార్ ఆయన, ఆ అమ్మాయి, నేను. డిస్కు ఎవరి చేతుల్లోంచి వచ్చిందో చెప్పడానికి పిలిచారని స్టోర్‌కీపరు తలుపు దగ్గర నిలబడ్డాడు. గోడమీద తెరలో మహదేవపుర నుంచి భద్రతాధికారి, ఆమె పక్కన మన పాత మేనేజరు, ఇప్పటి వైస్ ప్రెసిడెంటు. భద్రతాధికారి మాట మెత్తగా, ప్రశ్న పదునుగా ఉండే మనిషి. తేదీ ఎందుకు మార్చావని అడిగింది. ఆ అమ్మాయి డాక్యుమెంటు పేజీ చూపించింది. భద్రతాధికారి తన కాపీలో అది చదివి, చివరి పేజీ తిప్పి, నా పేరు చూసి, దీనికి సాంకేతిక కారణం ఏమిటో నిపుణుడుగారు చెప్పాలి అంది.

నా దగ్గర అప్పటికప్పుడు మూడు కారణాలు సిద్ధంగా ఉన్నాయి. మూడూ బాగున్నాయి. ఒకదాంట్లో ఉపగ్రహం కూడా ఉంది. ఆ అమ్మాయి నావైపు చూడకుండా తన కాగితంలో ఖాళీ గడి వైపు చూస్తోంది.

"కారణం లేదు మేడమ్. అది నేను కల్పించింది," అన్నాను.

మొదట తేరుకున్నది వైస్ ప్రెసిడెంటు. మీరు మరిచిపోయినట్టున్నారు, అప్పట్లో నాకు చాలా వివరంగా చెప్పారు అన్నాడు.

"అబద్ధం కాబట్టే వివరంగా చెప్పాను సార్."

నేరం ఒప్పుకుంటే సరిపోతుందనుకున్నాను. నా అమాయకత్వం. ఈ డాక్యుమెంటు మీద మూడు సంతకాలున్నాయని ప్లాంటు పెద్ద గుర్తుచేశాడు, అందులో ఒకటి ఆయనదే. ఏటా ఆడిట్ జరిగిందని హెచ్చార్ ఆయన గుర్తుచేశాడు. తొమ్మిదో స్టెప్పు అబద్ధమైతే అన్ని ఆడిట్లూ అబద్ధమవుతాయి, శాలువా కూడా అబద్ధమవుతుంది. రెండు నిమిషాల్లో పెద్దలంతా ఒక నిర్ణయానికి వచ్చేశారు. స్టెప్పు సరైనదే, నాకే కాస్త విశ్రాంతి కావాలి. నా జీవితంలో మొదటిసారి ఆఫీసులో నిజం చెబితే ఒక్కడూ నమ్మలేదు. ఇన్నేళ్లూ నమ్మినవన్నీ ఏమిటో మీరే ఆలోచించుకోండి.

అక్కడితో ఆగి ఉంటే నేనూ నవ్వుకుని లేచేవాణ్ణి. కానీ స్టెప్పు సరైనది, భద్రతా నియమమూ సరైనది అయినప్పుడు ఎవరో ఒకరు తప్పై ఉండాలి. తేదీ మార్చేముందు అనుమతి అడగకపోవడం ఆ అమ్మాయి తప్పని తేల్చారు. ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగిద్దామన్నాడు హెచ్చార్ ఆయన, దయగా. ఆరు నెలలు షెడ్డు ఆగదు. స్టోర్‌కీపరు తలుపు దగ్గర నుంచి నావైపే చూస్తున్నాడు.

నేను లేచాను. కంప్యూటరు ఇక్కడికే తెప్పించండి, తాళం తీయండి, తేదీ ముట్టుకోకుండా ఈ అమ్మాయే మీ కళ్లముందు ఎక్కిస్తుంది, ఎక్కకపోతే నా రాజీనామా తీసుకోండి అన్నాను. రాజీనామా అన్న మాట వినగానే ప్లాంటు పెద్ద కాదనబోయాడు, భద్రతాధికారి ఔనంది.

ఆ అమ్మాయి కూర్చుంది. తొమ్మిది వదిలేసి పదికి వెళ్లింది. ఇన్‌స్టలేషను కొంత నడిచి, ఫలానా పేరుగల ఫైలు లేదు, ముందు దాన్ని ఎక్కించాలి అంది. డిస్కులోంచి ఆ ఫైలు చదవబోయి, గరగరమని, చదవలేనంది. గోరంత కుంకుమ మచ్చ కింద ఉన్నది సరిగ్గా ఆ ఫైలే. ఇది పెంచి చెప్పడం కాదు. మచ్చ లేకపోయినా కొత్త సిస్టమ్‌లో అది అక్కడే కాళ్లు బారజాపుకుని కూర్చునేది. ఇన్నేళ్లుగా నా జేబులో దాచుకున్న కిటుకు ఇక్కడిదే. అది బయటికి తీస్తే నా జేబులో ఇక ఏమీ ఉండదు. తీశాను.

"రద్దు చేయి తల్లీ. అదే పేరుతో ఒక కొత్త ఫైలు సృష్టించి, సిస్టమ్ ఫోల్డర్లో పెట్టు. మళ్లీ మొదలుపెట్టు."

"లోపల ఏం రాయాలి సార్?"

"ఏమీ రాయొద్దు. తెరిచి చూడదు. పేరు చాలు."

పెట్టింది. ఇన్‌స్టలేషను ఆ పేరు చూసింది, తృప్తిపడింది, ముందుకి సాగింది. ఒక్క అక్షరం లేని ఫైలు, బోర్డుమీద పేరున్న పెద్దమనిషిలా, అక్కడ కూర్చుని పనంతా జరిగేలా చేసింది. గీత నిండుతూ వచ్చి చివర్లో ఆగింది. అప్పుడు భద్రతాధికారి, పదిహేడో స్టెప్పు ప్రకారం గది ఖాళీ చేయాలి కదా అంది. అది కూడా నేను టీ కోసం పెట్టిందే మేడమ్ అని చెప్పాను. ఇవాళ వివాదం తొమ్మిదో స్టెప్పు గురించే, పదిహేడు గురించి కాదని ఆమె కెమెరా ఆపేసింది. మహదేవపురలో కూడా గది ఖాళీ చేశారట.

మేమంతా, ప్లాంటు పెద్దతో సహా, గేటు దాటి టీ కొట్టుకి నడిచాం. ఆ అమ్మాయి గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. ఈ ట్రిక్కు డాక్యుమెంటులో ఎందుకు లేదు సార్ అని అడిగింది. ఉంటే నువ్వు నా దగ్గరికి రావు కదా అన్నాను. తల ఊపి, బుధవారం గూడా మీకు తెలుసు అంది. ప్రశ్నలా అడగలేదు. నేను ఔనన్నాను. ఆ తర్వాత టీ తాగింది. స్టోర్‌కీపరు నా భుజంమీద చెయ్యేశాడు.

"మంచి పని చేసినావప్పా. ఇంగ నిన్ను ఈడ ఎవురు పెట్టుకుంటారు?"

వెనక్కి వెళ్లేసరికి సరిగ్గా పన్నెండు నిమిషాలు. తెరమీద ఎక్కింది అని ఉంది, మూలన ఇవాళ్టి తేదీ ఉంది. సోమవారం ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది. షెడ్లు తీసేలోపే మేస్త్రీ కుటుంబం ఇల్లు మారింది.

ఆ అమ్మాయి డాక్యుమెంటు తిరగరాసింది. తొమ్మిదో స్టెప్పు చోట ఖాళీ ఫైలు చేరింది. పదిహేడు మాత్రం అలాగే ఉంది, ఎవరూ తీయడానికి ఒప్పుకోలేదు. నా సంగతి స్టోర్‌కీపరు చెప్పినట్టే అయింది. ఇక నా తలలో ఏమీ లేదని కాగితంమీదే రుజువయ్యాక, మరుసటి ఏడాది నాకు ముందస్తు విశ్రాంతి ఇచ్చారు. వీడ్కోలు సభలో వైస్ ప్రెసిడెంటు వచ్చి శాలువా కప్పాడు. అది పాతదేనేమోనని నా అనుమానం.

మొన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు ఆ విభాగానికి తనే పెద్ద. ఈ ఏడు ఆడిట్ అయిపోయిందట. చివరి పేజీలో విషయ నిపుణుడి చోట ఇంకా నా పేరే ఉందట, తీయాలంటే మూడు సంతకాలు కావాలి, ఒకటి వైస్ ప్రెసిడెంటుది, ఆయన పెట్టడం లేదు. ఆడిటరు ఆ పేరు చూసి టిక్కు పెట్టాడంది.

ఆ మనిషి ఎక్కడున్నాడు, ఏం చేస్తున్నాడు, అడగలేదా అన్నాను.

"అడగలేదు సార్. పేరు చాలన్నాడు."